బీచ్ రోడ్డు పరుగులో చెత్త తగ్గిస్తున్నామని జనానికి ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జనవరి చివర్లో విశాఖ బీచ్ రోడ్డు మీద హాఫ్ మారథాన్ జరుపుతున్నారు. ఏడు వేల మంది వస్తారని అంచనా. ప్లాస్టిక్ సీసాలు లేకుండా, చెత్తను వేరు చేసి నడపాలని కమిటీ తీర్మానించింది. ఆ సంగతి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో ఎలా చెప్పాలి, "గోరంత చేసి కొండంత చెప్పుకుంటున్నారు" అన్న మాట పడకుండా ఎలా గట్టెక్కాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. పరుగుకు ముందు పెట్టే ప్రతి పోస్టూ వచ్చేవాళ్లు ఏం చేయాలో చెప్పాలి. మీరు ఏం సాధించారో చెప్పే పోస్టు, పరుగు అయ్యాక, చెత్త తూచిన కాటా చీటీ చేతికి వచ్చాకే పెట్టాలి. మిగతావన్నీ దీని కింద వచ్చేవే.

పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో పరుగు పోటీలకు, బీచ్ వాలీబాల్‌కు, కాలేజీ క్రికెట్ టోర్నీలకు ప్రచారం పని చూస్తున్నాను. అంతకుముందు ఒక దినపత్రికలో ఆటల పేజీ చూసేవాణ్ని. కాబట్టి ముందు నా పరువు పోయిన కథ చెప్పి మొదలుపెట్టడం న్యాయం.

కొన్నేళ్ల కిందట ఒక బీచ్ పరుగుకు పోస్టరు నేనే రాశాను. "ప్లాస్టిక్ రహిత పరుగు, ప్రకృతి కోసం ఒక అడుగు." వెనక నీలి సముద్రం, ముందు ఆకుపచ్చ అక్షరాలు. పదిహేను రోజులు దాన్నే తిప్పి తిప్పి పెట్టాం. పరుగు రోజు తెల్లవారుజామున 4 గంటలకు స్పాన్సరు పంపిన లారీ వచ్చి ఆగింది. లోపల పావు లీటరు సీసాలు, డజను చొప్పున పలచటి ప్లాస్టిక్ పొరలో చుట్టి ఉన్నాయి. ఆ వేళప్పుడు వేరే నీళ్లు ఎక్కడినుంచి తెస్తాం? అవే పంచాం. ఏడున్నర ప్రాంతంలో ఎవరో కుర్రవాడు ఒక ఫొటో పెట్టాడు. ఇసుకలో సగం తాగి పడేసిన సీసాలు, వాటి మీదుగా గాలికి ఊగుతున్న మా బ్యానరు. "ప్లాస్టిక్ రహిత" అన్న రెండు మాటలూ ఫొటోలో ముత్యాల్లా పడ్డాయి. "ఆ బ్యానరు కూడా ఫ్లెక్సే కదండీ" అని కింద ఇంకెవరో రాశారు. నిజమే, అదీ ఫ్లెక్సే.

అంతటితో ఆగినా బాగుండేది. నేను కంగారులో మా పేజీలో వచ్చిన వ్యాఖ్యలు తొలగించాను. గంట తిరగకముందే, తొలగించిన వ్యాఖ్యల స్క్రీన్‌షాట్లు ఊళ్లోని రన్నర్ల గ్రూపులన్నీ చుట్టి వచ్చాయి. పదిహేను రోజుల పోస్టర్లు చూసినవాళ్ల కంటే వాటిని చూసినవాళ్లే ఎక్కువ.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తప్పు పోస్టరులో లేదని తెలిసింది. పోస్టరు రాసిన నాకూ, నీళ్లు మాట్లాడిన మనిషికీ మధ్య ఒక్కసారి కూడా మాట జరగలేదు. అందుకే ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా నా షరతు ఒకటే: కొనుగోళ్ల గురించి మాట్లాడుకునే సమావేశంలో నేను కూర్చోవాలి. నీళ్లు, కప్పులు, బ్యానర్లు, అరటిపళ్లు, టీ షర్టుల సంచులు, ఇవి ఖరారు కాకుండా నేను ఒక్క వాక్యం రాయను. మీ కమిటీలో సామాజిక మాధ్యమాలు చూసేది బహుశా డిగ్రీ చదివే పిల్లలు అయ్యుంటారు. వాళ్లను ఆ సమావేశంలో కూర్చోబెట్టండి.

సూచనే అసలు ప్రచారం

చెత్త తగ్గేది కమిటీ తీర్మానంతో కాదు, ఏడు వేల చేతుల వల్ల. ఆ చేతులకు పని చెప్పడానికి మీ దగ్గరున్న సాధనం ఫోను. చిన్న లెక్క చూడండి. ఏడు వేల మంది, తలా నాలుగు చోట్ల నీళ్లు తాగుతారు అనుకుందాం. ప్రతి చోటా ఒక సీసా ఇస్తే 28,000 సీసాలు. సారికి 150 మిల్లీలీటర్ల చొప్పున గ్లాసులో పోస్తే 4,200 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 210. మీ మొదటి పోస్టుకు ఈ రెండు అంకెలు చాలు: "28,000 సీసాలు వద్దనుకున్నాం. 210 క్యాన్లు తెస్తున్నాం. గ్లాసు మీరు తెచ్చుకోండి." అంచనా అని మాత్రం తప్పకుండా రాయండి. ఇందులో ప్రకృతి మాట లేదు, భూమాత లేదు. అయినా చదివినవాడికి తను ఏం చేయాలో తెలుస్తుంది, ఎందుకో కూడా తెలుస్తుంది.

"గ్లాసు తెచ్చుకోండి" అనడం తేలిక, తెప్పించడం కష్టం. మేము మొదటిసారి ఆ మాటను పరుగుకు ముందురోజు సాయంత్రం పోస్టు చేశాం. తెచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మరుసటి ఏడు మూడు వారాల ముందు మొదలుపెట్టాం. రిజిస్ట్రేషన్ ఖరారైందని వెళ్లే వాట్సాప్ సందేశంలో మొదటి వాక్యమే అది. బిబ్ నంబర్లు (చొక్కాకు తగిలించుకునే రన్నరు నంబర్లు) ఇచ్చే రోజున ప్రతి బల్ల దగ్గరా "గ్లాసు ఉందా?" అని అడిగించాం. అన్నిటికంటే పనిచేసింది మాత్రం ఒక చిన్న వీడియో. రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో పరుగెత్తే ఒక రిటైర్డ్ టీచరుగారు నడుముకు పాత చున్నీ ముక్కతో స్టీలు గ్లాసు కట్టుకుని పరుగెత్తి చూపించారు. గ్లాసు టంగుటంగుమని ఆవిడ బెల్టు బకిల్‌కు తగులుతూనే ఉంటుంది. ఎడిట్ చేసిన కుర్రవాడు ఆ చప్పుడు తీసేస్తానన్నాడు. వద్దన్నాను. పరుగు రోజున ఆ చప్పుడు చేసుకుంటూ వచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు. కొందరు కావాలనే మోగించారు.

అయితే అక్కడే ఒక ఇబ్బంది వచ్చింది, మీకు రాకూడదని చెబుతున్నాను. క్యాన్ కుళాయి కింద గ్లాసు నిండేలోపు పరుగెత్తేవాడి ఓపిక అయిపోతుంది. తెన్నేటి పార్కు దాటాక ఉన్న మూడో నీళ్ల బల్ల దగ్గర వరస పెరిగిపోయి, సమయం కోసం పరుగెత్తేవాళ్లు తిట్టుకున్నారు. తర్వాతి ఏడాది కుళాయిలు కట్టేసి, వాలంటీర్ల చేతికి జగ్గులు ఇచ్చాం. పైనుంచి పోస్తే రెండు సెకన్ల పని. ఈ మార్పు ఎందుకు చేశామో కూడా పోస్టు పెట్టాం: "కిందటిసారి మిమ్మల్ని నిలబెట్టాం, క్షమించండి. ఈసారి జగ్గులు." చాలామంది కమిటీ పెద్దలకు ఇలాంటి పోస్టు నచ్చదు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని భయం. నా అనుభవంలో ఆ ఒక్క పోస్టే, కిందటేడు తిట్టినవాళ్లను తిరిగి తెచ్చింది.

పెద్ద పోటీలవాళ్లు కూడా నీళ్ల దగ్గరే తలలు పట్టుకుంటారు. 2019 లండన్ మారథాన్‌లో 23వ మైలు దగ్గర, సముద్రపు నాచుతో చేసిన పొరలో పానీయం నింపి 30,000కు పైగా గుళికలు పంచారు. తొక్కతో సహా మింగేయవచ్చు. ప్రపంచమంతా ఆ వీడియోలు తిరిగాయి. చూసినవాడికి అది అర్థం కావడానికి వ్యాసం అక్కర్లేదు, ఒక మనిషి దాన్ని నోట్లో వేసుకుంటే చాలు. మనకు నాచు గుళికలు అక్కర్లేదు, స్టీలు గ్లాసు ఉంది. నాలుగు సెకన్లలో చూపించగలిగేదే జనానికి ఎక్కుతుందన్నది మాత్రం రెంటికీ ఒకటే.

చెత్త దగ్గర కెమెరా పెట్టండి

కమిటీలన్నీ జెండా ఊపే అతిథి దగ్గర కెమెరా పెడతాయి. ఒకసారి మేము ఒక ఫోను చెత్త వేరుచేసే చోట పెట్టాం. అనుకోకుండా మాకు దొరికిన అతి మంచి రీల్ అక్కడ పుట్టింది.

పారిశుద్ధ్య కార్మికుల మేస్త్రీ ఒకావిడ, గోనెపట్టా మీద గొంతుక్కూర్చుని సంచి బోర్లించింది. అరటి తొక్కలు ఒక పక్కకు తోసింది. "ఇది తడి." బిస్కెట్ పొట్లాల కాగితాలు ఇంకో పక్కకు. "ఇది పొడి." తర్వాత ఒక కాగితం కప్పు చేతిలోకి తీసుకుంది. దాని అంచును గోటితో గీరి, లోపలి నుంచి పలచటి పొర ఒకటి లాగి మా వైపు పట్టింది. "బయట కాగితం, లోపల ప్లాస్టిక్. ఇది ఏ జాతి బాబూ? దీన్ని ఎక్కడ వెయ్యమంటారు?" మా కమిటీ "ప్లాస్టిక్ వద్దు" అని గర్వంగా కొన్న కప్పులు అవి. నాకు నోట మాట రాలేదు. ఆ మౌనం కూడా వీడియోలో ఉంది.

ఆవిడ అనుమతి తీసుకుని, ఆ వీడియోను అలాగే పెట్టాం. ఒక్క వాక్యం జత చేశాం: "మేమూ ఇవాళే తెలుసుకున్నాం. వచ్చే ఏడు ఈ కప్పులు ఉండవు." ఎన్ని వేల రూపాయలు పోసి తీయించిన డ్రోన్ వీడియోలకూ అంత స్పందన రాలేదు. టీ కొట్టువాళ్లు, పెళ్లిళ్లకు వంట చేసేవాళ్లు, ఆఖరికి కాలనీ సంఘాల వాళ్లు కూడా దాన్ని పంచుకున్నారు. కప్పులోపలి పొర సంగతి వాళ్లందరి సమస్య కాబట్టి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కార్మికుల ముఖాలు అడక్కుండా చూపించకండి. అడిగినా, వీడియో కోసం వాళ్లను పదే పదే చెత్త ఎత్తించకండి. వాళ్ల పనివేళ దాటి ఉంచితే డబ్బు ఇవ్వండి. చేతి తొడుగులు లేకుండా పనిచేస్తున్న మనిషిని "మా పర్యావరణ యోధురాలు" అని పొగిడిన పోస్టు ఒకటి చూశాను. చదివినవాళ్లంతా తొడుగులు ఏవని అడిగారు. అడగరా మరి?

మాటల సంగతి

మా జట్టులో కొన్ని మాటలు నిషేధం: పర్యావరణహితం, హరిత, సుస్థిర, పుడమి, భావితరాలు. ఇవి తప్పు మాటలని కాదు. వీటి వెనక ఎవరైనా ఏదైనా దాక్కోవచ్చు. "హరిత పరుగు" అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. "తడి చెత్త, పొడి చెత్త వేరుగా తూచి పంపాం" అంటే తెలుసు.

ఇది రుచికి సంబంధించిన విషయమే కాదు, చట్టానికి సంబంధించింది కూడా. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరు 15న పర్యావరణం పేరిట చేసే తప్పుదోవ ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణహితం, కార్బన్ రహితం వంటి మాటలు వాడితే అవి దేనికి వర్తిస్తాయో వివరించాలి, ఆధారం చూపాలి. అంతకుముందే, 2024 ఫిబ్రవరి నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి కూడా ఇలాంటి నియమాలు అమల్లోకి తెచ్చింది. మీరు రుసుము తీసుకుని పోటీ నడుపుతున్నారు, స్పాన్సర్ల ప్రకటనలు మోస్తున్నారు. "చిన్న కమిటీ, మమ్మల్ని ఎవరు అడుగుతారు" అనుకోవద్దు.

పెద్దవాళ్లకే తప్పలేదు. 2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కార్బన్ తటస్థంగా, అంటే వదిలిన కార్బన్‌కు సరిసమానంగా మరోచోట తగ్గించి, జరుగుతుందని ఫిఫా చెప్పుకుంది. అయిదు ఐరోపా దేశాల నుంచి ఫిర్యాదులు వెళ్లాయి. 2023 జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ, ఆ మాటకు తగిన రుజువు లేదనీ, అది తప్పుదోవ పట్టించేదనీ తేల్చింది. ఖతార్‌లో ఓడల కంటెయినర్లతో కట్టి, ఆటలయ్యాక విప్పేయడానికి వీలైన స్టేడియం ఒకటి ఉంది. పేరే 974, వాడిన కంటెయినర్ల సంఖ్య అది. కంటికి కనిపించే అంత మంచి కథ చేతిలో ఉండగా, కంటికి కనిపించని "తటస్థం" అన్న మాట పట్టుకుని వేలాడారు. మీరు కార్బన్ జోలికి వెళ్లకండి. లెక్కకట్టే నిపుణుడు మీ దగ్గర లేడు, నా దగ్గరా లేడు.

పారిస్ 2024 ఒలింపిక్స్ వాళ్లు ఇందులో కాస్త మెరుగు. లండన్ 2012, రియో 2016ల సగటులో సగానికి ఉద్గారాలు తగ్గిస్తామని ముందే చెప్పారు, ఆటలయ్యాక డిసెంబరులో లెక్క విడుదల చేశారు: 15.9 లక్షల టన్నులు, 54.6 శాతం తగ్గుదల. ముందు గీత గీసి, తర్వాత కొలిచి చూపడం అంటే అది. అయినా జనం ఫోన్లలో ఎక్కువ తిరిగింది ఆ అంకె కాదు. స్టేడియంలో తిరిగి వాడే కప్పులు ఇచ్చారు, రెండు యూరోల డిపాజిట్ తీసుకున్నారు. కొన్ని కౌంటర్లలో మాత్రం ప్లాస్టిక్ సీసా మూత తీసి ఆ కప్పులోకి వంపడం జనం చూశారు, వీడియోలు తీశారు. ఎంత పెద్ద లెక్క చూపినా, కౌంటరు దగ్గర కనిపించిందే జనం నమ్ముతారు. నా నీళ్ల లారీ కథే, కాకపోతే సీన్ నది ఒడ్డున.

స్పాన్సరుతో ముందే తేల్చుకోండి

గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. ప్రేక్షకుల చేతికి చిన్న చిన్న ప్లాస్టిక్ జెండాలు ఇస్తామంటారు, బెలూన్లకు ప్లాస్టిక్ పుల్లలు పెడతారు. ఈ రెండూ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు, స్ట్రాలు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. స్పాన్సరు ఒప్పందంలోనే ఒక పేరా పెట్టించండి: ఏ వస్తువు పంచాలన్నా పది రోజుల ముందు నమూనా కమిటీకి చూపాలి, చూపనిది గేటు దాటదు. బ్యానర్లు గుడ్డ మీద రాయించండి. ఈ ఊళ్లో గుడ్డ బ్యానరు రాసే పెయింటర్లు ఇంకా ఉన్నారు. ఒక పెయింటరు అక్షరం దిద్దుతుండగా తీసిన వీడియో మీకు ఒక రోజు పోస్టు కూడా అవుతుంది.

జనవరి అన్నారు కాబట్టి తాబేళ్ల సంగతి

ఇది మన తీరానికే ప్రత్యేకం కాబట్టి కొంచెం నిలబడి చెబుతాను. మీ పరుగు సమయానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం. ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి దాకా రాత్రిపూట అవి ఇసుకలోకి వస్తాయి. అటవీశాఖ గుడ్లను సేకరించి, తీరంలో కంచె వేసి పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. ఒడ్డున వెలిగే లైట్లు తల్లి తాబేలును వెనక్కి పంపేస్తాయి, పిల్లలను దారి తప్పిస్తాయి. సముద్రం మీద మెరిసే వెలుగును చూసి నీటివైపు పోవాల్సిన పిల్లలు రోడ్డువైపు పాకుతాయి.

మేము ఒక బీచ్ వాలీబాల్ పోటీని ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి జరపాలనుకున్నాం. అటవీశాఖవారితో మాట్లాడాక సాయంత్రం 6 లోపు ముగించాం. రెండు మ్యాచ్‌లు మర్నాటికి పోయాయి. ఆటగాళ్లు విసుక్కున్నారు. అప్పుడు పెట్టిన పోస్టు ఇంతే: "ఈ రాత్రి ఈ ఇసుక వేరేవాళ్లకు కావాలి. ఫైనల్ రేపు ఉదయం." కింద తాబేలు నడిచిన జాడ ఫొటో. ట్రాక్టరు చక్రం వెళ్లినట్టు రెండు వరసల గీతలు ఉంటాయి, చూసే ఉంటారు. మీ పరుగు తెల్లవారుజామున 5 గంటలకు మొదలవుతుంది కాబట్టి ముందురాత్రి వేదిక లైట్లు, సౌండు పరీక్షలు ఎక్కడ చేస్తారో ఇప్పుడే చూసుకోండి. సముద్రం వైపు తిరిగిన లైటు ఒక్కటీ ఉండకూడదు. ఉంచి, తాబేలు బొమ్మ ఉన్న పతకం ఇస్తే మొదట అడిగేది నేనే.

ప్రయాణాలు

పెద్ద ఆటల్లో చాలావాటికి కాలుష్యంలో పెద్ద వాటా జనం వచ్చిపోయే ప్రయాణాలదే. దాని గురించి పోస్టులు పెట్టేవాళ్లు మాత్రం అరుదు, ఎందుకంటే ఫొటో బాగా రాదు. 2025 అక్టోబరులో మహిళల క్రికెట్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు మధురవాడ దగ్గరి స్టేడియంలో జరిగాయి. అలాంటి రోజుల్లో మీరు జాతీయ రహదారి మీద ఇరుక్కుని ఉంటే నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. ఏ బస్సు, ఎక్కడ ఎక్కాలి, మొదటి బస్సు ఎన్నింటికి, వాహనం ఎక్కడ ఆపాలి, ఈ నాలుగూ ఉన్న పోస్టే మీ అసలైన పర్యావరణ పోస్టు. తెల్లవారుజామున 5 గంటల పరుగుకు సిటీ బస్సులు దొరకవు కాబట్టి, గాజువాక, మధురవాడ, ఎన్ఏడీ వైపుల నుంచి బస్సులు మాట్లాడండి. అది కుదరకపోతే ఒక కారులో నలుగురు వచ్చేలా వాట్సాప్ గ్రూపులు పెట్టించండి. రిజిస్ట్రేషన్ ఫారంలో "ఎలా వస్తారు?" అన్న ప్రశ్న ఒకటి చేరిస్తే, పరుగయ్యాక చెప్పుకోవడానికి నిజమైన అంకె ఒకటి మిగులుతుంది.

మొక్కలు

మీ ప్రణాళికలో "ప్రతి రన్నరు పేరిట ఒక మొక్క" అని రాశారు. నాకు ఈ మాట వింటే కొంచెం చిరాకు, దాచుకోను. ఐపీఎల్ వాళ్లు 2023 ప్లేఆఫ్స్‌లో ఒక్కో డాట్ బాల్‌కు (పరుగు రాని బంతికి) 500 మొక్కలు అన్నారు. తెర మీద చుక్క బదులు చెట్టు బొమ్మ వేశారు. 294 డాట్ బాల్స్, 1,47,000 మొక్కలు. ఆలోచన గొప్పది, కాదనను. ఆటలో ఒక క్షణానికి మొక్కను కట్టేశారు. ఇప్పుడు మీరు అడగండి, ఆ మొక్కలు ఎక్కడున్నాయని మీ చుట్టూ ఉన్న పదిమందిని. చెట్టు బొమ్మ గుర్తున్నంతగా చెట్టు చిరునామా గుర్తుండదు.

మన ఊరికి చెట్టు విలువ వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయిన మర్నాడు వీధుల్లో నీడ లేని విశాఖను చూసినవాళ్లం. నాటితే, ఏడు వేలు వద్దు, డెబ్బై చాలు. ఒకే చోట నాటండి. నీళ్లు ఎవరు పోస్తారో పేరు రాసుకోండి. మూడు నెలలకొకసారి అదే కోణం నుంచి అదే మొక్కల ఫొటో పెట్టండి. ఎండిపోయినవి కూడా కనపడనివ్వండి. "70లో 52 ఉన్నాయి" అన్న పోస్టుకున్న నమ్మకం "ఏడు వేల మొక్కలు నాటాం" అన్నదానికి రాదు.

విమర్శ వచ్చినప్పుడు

వస్తుంది. ఎంత బాగా చేసినా ఎక్కడో ఒక మూల ఒక సీసా ఉంటుంది, దాని పక్కన ఒక ఫోను ఉంటుంది. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదన్న ఫిర్యాదులతో కొన్నాళ్లు ఆ జెండా దిగి, శుభ్రం చేశాక మళ్లీ ఎగిరింది. గుర్తింపు ఉన్న తీరానికే అలా జరిగితే మన పరుగెంత?

పరుగు రోజు ఒక మనిషిని ఫోను పట్టుకుని ఇదే పని మీద ఉంచండి. ఎవరైనా చెత్త ఫొటో పెడితే, మొదట ఆ చోటు ఏదో అడిగి మనిషిని పంపాలి. శుభ్రం చేశాక అదే చోట నిలబడి ఫొటో తీసి, అతని పోస్టు కిందే పెట్టాలి. "చూపించినందుకు ధన్యవాదాలు. ఇప్పుడు ఇలా ఉంది, సమయం 8:10." వాదన వద్దు, తొలగించడం అసలే వద్దు. నాతో ఇలా రెండుసార్లు మాట్లాడిన ఒక విమర్శకుడు మూడో ఏడు వాలంటీరుగా వచ్చి, అరటి తొక్కల డబ్బా దగ్గర నిలబడ్డాడు. ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉంటాడు, అది వేరే విషయం.

ఒక్కోసారి పుకారు మీ మంచి పనినే మింగేస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మళ్లీ వాడుకోవడానికి వీలుగా అట్టతో మంచాలు చేశారు. లోకం మాత్రం ఆ మంచాలు ఇద్దరి బరువు మోయవని వేళాకోళం మొదలుపెట్టింది. ఐర్లండ్ జిమ్నాస్ట్ రీస్ మెక్‌లెనహన్ తన గదిలో ఆ మంచం మీద ఎగిరెగిరి దూకి వీడియో పెట్టాడు. మంచం విరగలేదు, పుకారు విరిగింది. ఒలింపిక్స్ అధికారిక ఖాతా అతనికి కృతజ్ఞతలు చెప్పింది. మీ గుడ్డ సంచి చిరుగుతుందని, క్యాన్ నీళ్లు మంచివి కావని ఎవరైనా అంటే ప్రకటన విడుదల చేయకండి. బీచ్ రోడ్డులో అందరూ ఎరిగిన రన్నరు ఒకరిచేత ఆ నీళ్లు తాగించండి.

ఏ వేదిక దేనికి

దీనికి పెద్ద శాస్త్రం లేదు. సూచనలు వాట్సాప్‌లో, తెలుగులో ముందు, నేవీ, స్టీల్ ప్లాంట్, పోర్టు కుటుంబాల కోసం హిందీలో తర్వాత. రీల్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో. కాలనీ పెద్దలు ఇంకా ఫేస్‌బుక్‌లోనే ఉన్నారు, రోడ్డు మూసే వేళలు అక్కడ చెప్పండి. రోజుకు ఒక్క పోస్టు మించితే జనం మ్యూట్ చేస్తారు.

పరుగయ్యాక వారంలోపు లెక్క పెట్టండి. తడి చెత్త ఎన్ని కిలోలు, పొడి ఎన్ని, ఎక్కడికి వెళ్లింది, ఎన్ని క్యాన్లు ఖాళీ అయ్యాయి, గ్లాసు తెచ్చుకోనివాళ్లకు ఎన్ని కప్పులు ఇవ్వాల్సి వచ్చింది. కాటా చీటీ ఫొటో జత చేయండి, నలిగిపోయి ఉన్నా సరే. అనుకున్నది జరగని చోట జరగలేదనే రాయండి. వచ్చే ఏడు మీ మొదటి పోస్టు అక్కడినుంచే మొదలవుతుంది.

ఇంతకీ మీ ప్రశ్నలో ఒక వివరం లేదు. నీళ్ల స్పాన్సరు ఎవరో ఖరారైందా? క్యాన్లు ఇస్తారా, సీసాలు ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకున్నారా? లేకపోతే మొదటి పోస్టు ఇంకా రాయకండి. ఆ కాగితం వచ్చాక ఇక్కడే చెప్పండి, మూడు వారాలకు సరిపడా సందేశాలు కలిసి రాద్దాం.